ఇల్లు బరంపురంలో, పురుడు సోంపేటలో, ఫైలు కోల్‌కతాలో

ఒడిశాలోని బరంపురం స్టేషన్లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రెండు వైపులా ఆగుతుంది. అమెరికాలో చదువుకోవడానికి వీసా కావలసిన తెలుగు కుర్రాడు సికింద్రాబాద్ వెళ్ళే బండి ఎక్కుతాడు. జర్మనీ వీసా కావలసిన వాడు హౌరా వెళ్ళే బండి ఎక్కుతాడు. ఇద్దరూ ఒకే వీధి వాళ్ళు, ఒకే కాలేజీలో చదివిన వాళ్ళు కావచ్చు. అమెరికా తన హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు ఒడిశాను కూడా తీసుకుంది. జర్మనీ ఒడిశాను కోల్‌కతాకు అప్పగించి, ఆంధ్ర, తెలంగాణలను చెన్నైకి ఇచ్చింది. కోల్‌కతా ఇక్కడికి ఆరు వందల కిలోమీటర్ల దూరం. అదే కుర్రాడి మేనమామ కొడుకు ఆంధ్ర వైపు ఇచ్ఛాపురంలో ఉంటే, మధ్య దూరం పాతిక కిలోమీటర్లే అయినా, వాడి జర్మనీ ఫైలు చెన్నై దారి పడుతుంది.

పర్లాకిమిడిలో ఇది మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. అక్కడ ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రలోని పాతపట్నం. సంతకు, సినిమాకు, పెళ్ళి సంబంధాలకు మధ్యనున్న సరిహద్దు గీత ఎవరికీ గుర్తుండదు. పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టిన రోజున మాత్రం గుర్తొస్తుంది. ఇటువాళ్ళ పాస్‌పోర్టు భువనేశ్వర్ ప్రాంతీయ కార్యాలయం నుంచి, అటువాళ్ళది విశాఖపట్నం నుంచి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం నుంచి విడదీసి గీసిన గీత అది. ఆనాడు ఆ గీతతో తేలాల్సింది ఏ ఊరు ఏ భాష వాళ్ళది అన్నదే. తొంభై ఏళ్ళ తర్వాత అదే గీత ఏ కుర్రాడి ఫైలు ఏ కాన్సులేట్ బల్ల మీదికి పోవాలో కూడా తేలుస్తోంది.

అంతకు ముందు ఈ తీరం వాళ్ళు విదేశం వెళ్ళని వాళ్ళేం కాదు. గోపాలపురం (గోపాల్‌పూర్) రేవులో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి కూలి చేసుకుని వచ్చిన కుటుంబాలు గంజాం, శ్రీకాకుళం రెండు వైపులా ఉన్నాయి. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం. 1937 ఏప్రిల్ 1న అది విడిపోయింది, అంటే ఒడిశా గీత పడిన సరిగ్గా ఏడాదికి. ఆనాటి ప్రయాణానికి చేతిలో టికెట్టుంటే సరిపోయేది. ఇప్పుడు కట్టల కొద్దీ కాగితాలు మోసుకెళ్ళాలి. ఆ కట్టలో ఒక్కో కాగితం ఒక్కో ఊరిది కావడమే సరిహద్దు కుటుంబాల అసలు చిక్కు.

ముందు వీసా సంగతి. యూరప్‌లోని షెంగెన్ దేశాలకు 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరిగి రావడానికి ఇచ్చేది సీ రకం వీసా. దాని నియమాలు ఆ దేశాలన్నిటికీ ఉమ్మడివి. తొంభై రోజులు దాటి ఉండాలంటే డీ రకం కావాలి. అది ఏ దేశానికి ఆ దేశం తన చట్టం ప్రకారం ఇచ్చుకునేది. చదువు, ఉద్యోగం, భార్యాభర్తలు కలిసి ఉండడం, పరిశోధన, ఇలా ప్రతి పనికీ వేరే జాబితా ఉంటుంది. టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడే మార్చుకుందామనుకునే వాళ్ళు చాలా దేశాల్లో దెబ్బ తింటారు. మార్చరు, వెనక్కి వెళ్ళి సొంత దేశం నుంచి పెట్టుకోమంటారు. అమెరికా పద్ధతి వేరు. అక్కడ విద్యార్థి, ఉద్యోగి వీసాలు వలసేతర వీసాల కిందికి వస్తాయి. స్థిరపడడానికి ఇచ్చే ఇమ్మిగ్రెంట్ వీసాల ఇంటర్వ్యూలు మన దేశంలో ప్రధానంగా ముంబైలో జరుగుతాయి. అంటే కొడుకు స్టూడెంట్ వీసాకు హైదరాబాద్ వెళ్ళిన ఇంట్లోనే, కొన్నేళ్ళ తర్వాత తల్లి గ్రీన్‌కార్డు వీసాకు ముంబై వెళ్ళాల్సి రావచ్చు.

కాన్సులేట్ పరిధి అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. అది పుట్టిన ఊరిని బట్టి రాదు, మాతృభాషను బట్టి అసలే రాదు. ప్రస్తుతం మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నదాన్ని బట్టి వస్తుంది. బరంపురం అమ్మాయి రెండేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఉంటే, జర్మనీ వీసాకు కోల్‌కతా వెళ్ళనవసరం లేదు, బెంగళూరులోనే పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టులో ఒడిశా చిరునామా ఉన్నందుకు అక్కడ ఉంటున్న రుజువు అడుగుతారు. అద్దె ఒప్పందం, కంపెనీ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇవన్నీ కనీసం ఆరు నెలల నివాసాన్ని చూపేలా ఉండాలన్నది మామూలుగా వినపడే షరతు. అమెరికా ఈ విషయంలో అంత పట్టింపుగా ఉండదు. మన దేశంలో నివాసం ఉన్నవాళ్ళు ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ అయిదింటిలో ఎక్కడ స్లాటు దొరికితే అక్కడికి వెళ్ళవచ్చు.

దీన్ని చూసి కొందరికి ఒక తెలివి పుడుతుంది. శ్రీకాకుళంలో బావ ఇంటి చిరునామాతో ఒక అద్దె ఒప్పందం రాయించి, చెన్నైలో స్లాటు పట్టేద్దామని. ఆ కాగితాన్ని నిలబెట్టడానికి గ్యాస్ బిల్లో, బ్యాంకు చిరునామా మార్పో కావాలి. దాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. చివరికి ఫైల్లో ఒక మనిషి ఒకే నెలలో రెండు రాష్ట్రాల్లో ఉంటున్నట్టు తేలుతుంది. వీసా అధికారి అడిగేది ఇంగ్లీషు వచ్చా రాదా అన్నదానికంటే ఇలాంటి వాటి గురించే ఎక్కువ. తప్పుడు కాగితం పెట్టాడని ఒకసారి నమోదైతే, ఆ తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తులోనూ జవాబు చెప్పుకుంటూ ఉండాలి.

మహారాష్ట్ర అంచున కూడా కథ ఇంతే. సిరొంచ వాళ్ళు గోదావరి దాటితే కాళేశ్వరం. హైదరాబాద్ పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరే దూరం. వాళ్ళ రాష్ట్రం మాత్రం ముంబై పరిధి. గడ్చిరోలి దక్షిణ కొసన ఉన్న ఆ ఊరి నుంచి ముంబై అంటే మహారాష్ట్రను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొలవడమే.

ఇంతవరకూ దూరాభారం. టికెట్టు కొంటే తీరే కష్టం. తీరనిది కాగితాల కష్టం. పాస్‌పోర్టు, పోలీస్ క్లియరెన్స్, కాన్సులేట్, ఈ మూడూ మనిషి ఇప్పుడు ఎక్కడుంటే అక్కడివి. జనన ధ్రువపత్రం మాత్రం పుట్టిన చోటుది. డిగ్రీ పట్టా చదివిన చోటుది. పెళ్ళి కాగితం పెళ్ళి జరిగిన చోటుదో, ఇద్దరిలో ఒకరు ఉండే చోటుదో. మనిషి ఎన్ని ఊళ్ళు మారినా కాగితం మాత్రం తన ఊరు వదలదు.

మన ఆచారాలు దీనికి తోడవుతాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే. బరంపురం కోడలు పురిటికి సోంపేటకో టెక్కలికో వెళుతుంది. బిడ్డ పుట్టుక అక్కడి పంచాయతీ, మునిసిపాలిటీ రికార్డుల్లోకి ఎక్కుతుంది, ఎందుకంటే 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం నమోదు జరిగేది పుట్టిన చోటే. మూడో నెలలో తల్లీబిడ్డా బరంపురం తిరిగొస్తారు. ఆ కాగితంలో అక్షరం తప్పుందని పాతికేళ్ళ తర్వాత తెలిస్తే, దాన్ని దిద్దాల్సింది ఆనాడు నమోదు చేసిన ఊరి రిజిస్ట్రారే. అసలు నమోదే కాలేదనుకోండి, ఏడాది దాటిన పుట్టుకను మెజిస్ట్రేటు ఉత్తర్వు మీద నమోదు చేయించాలి. అదీ ఆ జిల్లాలోనే. ఇక పెళ్ళి. అమ్మాయి ఊళ్ళో చేయడం ఆనవాయితీ, అమ్మాయిది పలాస అయితే అక్కడే రిజిస్టరూ అవుతుంది. పై చదువుకు విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయమో, హైదరాబాద్ జేఎన్‌టీయూనో. ఇలా ఒక ఒడిశా తెలుగు ఇంటి ఫైల్లో మూడు రాష్ట్రాల ముద్రలు పడతాయి.

ముద్రలు ఎందుకంటే, చాలా దేశాలు మన సర్టిఫికెట్‌ను ఉన్నదున్నట్టు నమ్మవు. అపోస్టిల్ కావాలంటాయి, అంటే కాగితం అసలైనదేనని విదేశాంగ శాఖ వేసే ముద్ర. ఈ ముద్రను దేశాలు పరస్పరం ఒప్పుకునే ఒప్పందం మన దేశానికి 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది. విదేశాంగ శాఖ ముద్ర వేయడానికి ముందు, కాగితం ఇచ్చిన రాష్ట్రం దాన్ని ధ్రువీకరించాలి. చదువు కాగితాలకు ఆ రాష్ట్ర విద్యాశాఖ వైపు నుంచి, జనన, వివాహ పత్రాలకు హోం శాఖ వైపు నుంచి. బరంపురం విశ్వవిద్యాలయం డిగ్రీ అయితే ఒడిశా, విశాఖ డిగ్రీ అయితే ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో చదివిన వాళ్ళ పట్టా మీద ఆంధ్రప్రదేశ్ అని ఉన్నా, విశ్వవిద్యాలయం ఇప్పుడు తెలంగాణలో ఉంది కాబట్టి అటే వెళ్ళాలి. ‘ఇవన్నీ ఎందుకండీ, ఢిల్లీలో చేయించేస్తాం’ అని ఏజెంట్లు అంటారే, అది అక్కడి ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు) సంతకంతో పని కానిచ్చే అడ్డదారి. కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అడగాల్సింది ఏజెంటును కాదు, ఆ దేశం కాన్సులేట్ జాబితాను.

జర్మనీది ఇక్కడా వేరే దారే. మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు ఆ దేశం అభ్యంతరం చెప్పింది. దాంతో మన అపోస్టిల్ ముద్రకు అక్కడ చెల్లుబాటు లేకుండా పోయింది. జనన, వివాహ పత్రాల మీద అనుమానం వస్తే వాళ్ళే స్థానికంగా మనిషిని పంపి, ఆ ఊరి రికార్డు తీయించి చూస్తారు. దాని ఖర్చు దరఖాస్తుదారుదే, నెలలూ పడుతుంది. విద్యార్థులకైతే 2022 నవంబరు నుంచి ఏపీఎస్ అనే చదువు పత్రాల తనిఖీ కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు, మార్కుల జాబితాలు ముందుగా అక్కడ తనిఖీ అయ్యాకే వీసా మాట. అన్నిటికీ అపోస్టిల్ చేయించి వేలు పోసి, తీరా జర్మనీ ఫైల్లో అది అక్కరలేదని తెలుసుకున్న వాళ్ళకు ఆ ముద్ర గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అయినా ఫైళ్ళను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది పేరు. తెలుగులో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. ఒడియా పద్ధతిలో వంశం పేరు చివర. బరంపురం బడిలో చేర్చుకున్న మాస్టారు ఒడియా మనిషైతే ముందున్న ‘కె’ తీసి వెనక పెట్టేస్తాడు, లేదా తండ్రి పేరులోని ‘రావు’ను వంశనామం చేసేస్తాడు. పాస్‌పోర్టు ఫారంలో మొదటి పేరు, ఇంటిపేరు రెండు గళ్ళుంటాయి. ఎవరు నింపితే వాళ్ళకు తోచినట్టు నింపుతారు. అన్నదమ్ములిద్దరికి రెండు రకాల ఇంటిపేర్లతో పాస్‌పోర్టులున్న ఇళ్ళు ఇక్కడ వెతకనక్కరలేదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వాళ్ళ పాట్లు ఇంకో రకం. అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలోకి నెట్టి, మొదటి పేరు తెలియదన్న అర్థంతో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చేస్తారు. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది.

అక్షరాల గొడవ ఇంకా లోతైనది. ఒడియా నోట ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. వాసుదేవ బాసుదేబ్, వెంకట బెంకట. లక్ష్మికి ఇంగ్లీషులో ఇటు కే ఎస్ హెచ్, అటు ఎక్స్. ఒడియా వాళ్ళు కృష్ణను ఇంగ్లీషులో ‘క్రుష్ణ’ అని రాస్తారు, తెలుగు వాళ్ళు పలికేది అలాగే అయినా రాసేది ‘క్రిష్ణ’. పర్లాకిమిడి మహారాజు, ఒడిశా ప్రావిన్సు తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) కృష్ణచంద్ర గజపతి పేరే ఇంగ్లీషు రాతల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. మహారాజు కాబట్టి ఎవరూ అఫిడవిట్ అడగలేదు. మామూలు మనిషిని అడుగుతారు. ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ దగ్గర రాయించిన కాగితం చిన్న తేడాకు పనికొస్తుంది. పేరు తల కిందులైన చోట అది నిలవదు. మూల పత్రం దిద్దించుకోవాలి, లేదా రాష్ట్ర గెజిట్‌లో వేయించాలి. వీటికి పట్టే కాలం వీసాకు పట్టే కాలం కంటే తక్కువేం కాదు.

ఊరి పేర్లకూ ఈ తిప్పలు తప్పవు. బరంపురం ఇంగ్లీషులో ఒక కాగితంలో బెర్హంపూర్, ఇంకో దాంట్లో బ్రహ్మపూర్. పైగా పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరూ దాదాపు ఇదే. కోల్‌కతాలో ఫైలు చూసేవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆ ఊరే. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ వేరే జిల్లాలయ్యాయి. 1990లో పర్లాకిమిడిలో పుట్టిన మనిషి జనన పత్రంలో గంజాం జిల్లా, ఆధార్‌లో గజపతి జిల్లా. రాష్ట్రం పేరు కూడా 2011 నవంబరు వరకు ఇంగ్లీషులో ఒరిస్సానే. అటు పాలకొండ వైపు బంధువులకు 2022 ఏప్రిల్‌లో జిల్లా మారి పార్వతీపురం మన్యం అయింది. వీటిలో ఏదీ తప్పు కాదు, అన్నీ ప్రభుత్వం చేసిన మార్పులే. కానీ ఫైలు చూసే విదేశీ అధికారికి ఈ చరిత్ర తెలిసి ఉండాలని లేదు. ఏ తేడా ఎందుకొచ్చిందో అర పేజీ ఇంగ్లీషు వివరణ రాసి ఫైలు పైన పెట్టడం మంచిది. ఎవరూ అడగని ఈ అర పేజీ, నోటరీ ముద్రల కట్ట కంటే బాగా పనిచేస్తుంది.

డబ్బు రుజువు విషయంలో నియమాలు సూటిగా ఉంటాయి. జర్మనీ విద్యార్థి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున, నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపాలి. వీసా రుసుము 75 యూరోలు. ఫ్రాన్స్ దీర్ఘకాల వీసాకు మామూలుగా 99. ఆఖరి వారంలో మేనమామలందరి దగ్గరా చేబదులు తెచ్చి ఖాతాలో పోసిన డబ్బును స్టేట్‌మెంటు ఇట్టే పట్టించేస్తుంది. అంతకంటే స్పాన్సర్ ఎవరో, ఆదాయం ఏమిటో పద్ధతిగా చూపడం మేలు.

గల్ఫ్ వెళ్ళే కూలీలు, మేస్త్రీలది వేరే లెక్క. వాళ్ళ వీసా యజమాని వైపు నుంచి కదులుతుంది, కాన్సులేట్ గుమ్మం తొక్కే పని తక్కువ. పదో తరగతి దాటని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) కింద వస్తుంది. సౌదీ, కువైట్, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వాళ్ళకు వలసల అధికారి అనుమతి కావాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే చట్టం దాటినట్టే. లక్ష, లక్షన్నర అడిగే వాడికి తాలూకా కేంద్రాల్లో ఇప్పటికీ గిరాకీ ఉందంటే, ఈ అంకె గోడ మీద రాయించకపోవడమే కారణం.

దరఖాస్తు అందుకునేది వీఎఫ్‌ఎస్ లాంటి ప్రైవేటు కేంద్రం. వేలిముద్రలు తీసుకుంటుంది, కాగితాలు సరిచూస్తుంది, నిర్ణయం మాత్రం చేయదు. అక్కడి ఉద్యోగి ‘అంతా సరిగ్గానే ఉంది’ అన్నాడని ధీమా పడకూడదు. నిర్ణయం కూడా ఒక్క కాన్సులేట్ చేతుల్లోనే ఉండదు. జర్మనీకి కుటుంబంతో కలిసే వీసా అయితే, అవతల భర్త ఉండే ఊరి విదేశీయుల కార్యాలయం కూడా సరే అనాలి. ఫైలు నెలల తరబడి కదలకపోతే అది ఆగింది ఇక్కడో అక్కడో ముందు తెలుసుకోవాలి. తిరస్కరిస్తే ఇదివరకు అదే కాన్సులేట్‌కు ‘మళ్ళీ చూడండి’ అని ఉత్తరం రాసుకునే వీలుండేది. జర్మనీ 2025 జూలై 1 నుంచి దాన్ని ఎత్తేసింది. ఇక మిగిలింది కొత్తగా పెట్టుకోవడం, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్ళడం. మొదటి ఫైలే పకడ్బందీగా ఉండాల్సిన అవసరం దీనితో మరింత పెరిగింది.

కాబట్టి పనుల వరస తిరగేయాలి. చాలామంది అడ్మిషనో ఉద్యోగమో వచ్చాక కాగితాల మీద పడతారు. సరిహద్దు ఇళ్ళలో జనన పత్రం, పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు మూడింటిలో పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఒకటేనా అని పిల్లలు ఇంటర్లో ఉండగానే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దిద్దుబాటు ముందు జనన పత్రంలో, ఆ తర్వాతే పాస్‌పోర్టులో. వెనక నుంచి ముందుకు దిద్దితే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. తెలుగులో మాత్రమే ఉన్న పాత జనన నకలు కోల్‌కతాలో, ఒడియాలో మాత్రమే ఉన్న స్కూలు కాగితం హైదరాబాద్‌లో, రెండూ చదివే దిక్కులేనివే. ఇంగ్లీషు అనువాదం చేయించేటప్పుడు పేరును పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయమని అనువాదకుడికి చెప్పాలి. చెప్పకపోతే ఆయన తన అలవాటు ప్రకారం రాసి ఇంకో కొత్త పేరు పుట్టిస్తాడు.

వీసా అంటించుకుని దిగిన తర్వాత కూడా కాగితం వెంటే ఉంటుంది. ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫ్రాన్స్‌లో మూడు నెలల్లోగా వీసాను ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా రాయించాలి. అక్కడి అపార్టుమెంట్లలో ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేయరు, గుమ్మం దగ్గరి తపాలా పెట్టె మీద ఇంటిపేరు చూసి వేస్తారు. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్సు ఉత్తరాలు అన్నీ ఆ పెట్టెకే వస్తాయి. అందుకని వెళ్ళిన మొదటి రోజే ఒక చీటీ మీద పేరు రాసి పెట్టెకు అంటిస్తారు. ఆ చీటీ మీద రాయాల్సింది ఇంట్లో వాళ్ళు చెప్పే ఇంటిపేరు కాదు. భువనేశ్వర్ నుంచి వచ్చిన పాస్‌పోర్టులో ఆ గడిలో ఏముందో అది. తండ్రి పేరైనా సరే, బడి మాస్టారు వెనక్కి నెట్టిన ఒక్క ‘కె’ అక్షరమైనా సరే.